కరవది నుంచి శ్రీరంగం దాకా

మన బడి బ్యాండులో నేను క్లారినెట్ వాయించేవాణ్ణి. తోటివాళ్ళకు గుర్తుండే ఉంటుంది. ఉద్యోగంలో చేరాక దాన్ని అటకెక్కించేశాను. మళ్ళీ దింపేలా చేసింది షేక్ చిన మౌలానా గారి జీవితం.

1924లో ఒంగోలు దగ్గర కరవదిలో, నాదస్వరమే వృత్తిగా ఉన్న ముస్లిం కుటుంబంలో పుట్టారాయన. మొదట తండ్రి దగ్గర, తర్వాత చిలకలూరిపేట ఆదం సాహెబ్ గారి దగ్గర నేర్చుకున్నారు. ఆంధ్రదేశంలో మంచి పేరు వచ్చింది. ఇంకొకరైతే అక్కడితో తృప్తిపడేవారు. ఆయన రాజరత్నం పిళ్ళై గారి తంజావూరు బాణీ మీద మనసుపడి, నాచ్చియార్‌కోయిల్ సోదరులు రాజం, దురైకణ్ణు గార్ల దగ్గర మళ్ళీ శిష్యుడిగా చేరారు. శ్రీరంగంలో స్థిరపడి, రంగనాథుణ్ణి నాదంతో కొలిచారు. అక్కడే శారదా నాదస్వర సంగీత ఆశ్రమం పెట్టి విద్య పంచారు. 1977లో పద్మశ్రీ, 1998లో సంగీత కళానిధి అందుకున్నారు. మరుసటి ఏడాదే కన్నుమూశారు.

అంతటివారే మళ్ళీ శిష్యుడైతే నాకెందుకు సిగ్గు? అరవై దాటాక, నా కొడుకు వయసున్న మాస్టారి దగ్గర సరళీ స్వరాలు మొదలుపెట్టాను. ఊపిరి చాలదు, వేళ్ళు తడబడతాయి. అయినా స్వర్ణోత్సవం నాడు ఒక్క కీర్తన వాయిస్తాను. అపశ్రుతులు దొర్లితే గురువులూ మిత్రులూ మన్నించాలి.