ఉప్పు పన్ను నుంచి అంచనాల కమిటీ దాకా: తిరుచానూరు అనంతశయనం అయ్యంగార్

ఇంట్లో ఖర్చుల లెక్క దగ్గర కూర్చుంటే మతం, పార్టీ కాసేపు పక్కకు పోతాయి. ఉప్పు, నూనె, కిరసనాయిలు అందరికీ ఒకే ధర. ఈ చిన్న విషయాన్ని ఢిల్లీ సభలో ముప్పై ఏళ్ల దాకా దగ్గర నుంచి చూసిన మనిషి మన ప్రాంతంవాడే. పాకాల జంక్షన్‌లో రైలెక్కితే తిరుపతి ఎంతో దూరం కాదు. ఆ తిరుపతి పక్కనున్న తిరుచానూరులో 1891 ఫిబ్రవరి 4న పుట్టారు మాడభూషి అనంతశయనం అయ్యంగార్.

శ్రీవైష్ణవ కుటుంబం, సంస్కృతం మీద మంచి పట్టు. మద్రాసులో పచ్చయప్ప కాలేజీ, లా కాలేజీ. కొన్నాళ్లు లెక్కల మాస్టారుగా పనిచేసి, తర్వాత చిత్తూరులో వకీలుగా స్థిరపడ్డారు. లెక్కల మాస్టారన్న మాట గుర్తుపెట్టుకోండి, ముందు ముందు పనికొస్తుంది. గాంధీజీ పిలుపుతో కొంతకాలం కోర్టు మానేశారు.

1934లో కాంగ్రెస్ తరఫున కేంద్ర శాసనసభకు ఎన్నికయ్యారు. అప్పట్లో ఆ సభకు బడ్జెట్ మీద మాట్లాడే హక్కు ఉంది గానీ చివరి మాట మాత్రం వైస్రాయిదే. సభ కాదన్న పన్నునైనా ఆయన తన ప్రత్యేక అధికారంతో మళ్లీ నిలబెట్టగలడు. పైగా కాంగ్రెస్ ఒక్కటే ఓటింగ్‌లో గెలిచేంత బలం లేదు. గెలవాలంటే ఇండిపెండెంట్ల మద్దతు కావాలి. వాళ్ల నాయకుడు మహమ్మద్ అలీ జిన్నా, వాళ్లలో ఎక్కువమంది ముస్లిం సభ్యులే. ప్రత్యేక నియోజకవర్గాల మీద, రాబోయే రాజ్యాంగం మీద ఈ రెండు పక్షాలకూ పొత్తు కుదరదు. అయినా ఆర్థిక సభ్యుడు సర్ జేమ్స్ గ్రిగ్ బడ్జెట్ తెచ్చినప్పుడు, ఉప్పు పన్ను తగ్గించాలి, పోస్టుకార్డు ధర తగ్గించాలి అనే దగ్గర ఒకే వైపు నిలబడ్డారు. 1932 నాటి ఒట్టావా ఒప్పందం బ్రిటిష్ సరుకులకు మన దేశంలో సుంకం రాయితీ ఇచ్చింది. దాన్ని రద్దు చేయాలని 1936లో జిన్నా తెచ్చిన సవరణ కాంగ్రెస్ ఓట్లతోనే నెగ్గింది. ప్రభుత్వం ఓడిన సందర్భాలు ఆ సభలో ఇంకా ఉన్నాయి. వైస్రాయి మాత్రం ప్రతిసారీ తన సంతకంతో పన్నులు నిలబెట్టుకున్నాడు.

అనంతశయనం గారు ఆ సభలో అంకెలతో దాడి చేసేవారు. అందుకే ఆయన్ని అసెంబ్లీ ఎండెన్ అనేవారు. 1914లో మద్రాసు మీద గుండ్లు కురిపించిన జర్మన్ ఓడ పేరది. ఆ పేరు తెచ్చిపెట్టింది లెక్కల మాస్టారేనని నా అనుమానం. 1940లో వ్యక్తి సత్యాగ్రహం, 1942లో క్విట్ ఇండియా. రెండుసార్లూ జైలుకు వెళ్లారు.

ఇక 1947 ఫిబ్రవరి 28. తాత్కాలిక ప్రభుత్వంలో కాంగ్రెస్, ముస్లిం లీగ్ పక్కపక్కనే కూర్చున్నా మాటలు సరిగా లేని రోజులు. ఆర్థిక శాఖ లీగ్ నాయకుడు లియాఖత్ అలీ ఖాన్ చేతిలో ఉంది. ఆయన తన బడ్జెట్‌లో ఉప్పు పన్ను ఎత్తేశారు. 1930లో గాంధీజీ దండి దాకా నడిచింది ఈ పన్ను మీదే. దాన్ని కొట్టేసింది చివరికి లీగ్ మంత్రి. అదే బడ్జెట్‌లో లక్ష దాటిన వ్యాపార లాభాల మీద నూటికి 25 పన్ను వేస్తే పెద్ద వ్యాపారులు గోల పెట్టారు, కాంగ్రెస్‌లోనే రెండు అభిప్రాయాలు వచ్చాయి. బేరసారాల తర్వాత దాన్ని ఆరో వంతుకు దించి ఒప్పుకున్నారు. ఆగస్టు వచ్చేసరికి దేశం రెండైంది. పన్ను మీద కుదిరిన రాజీ దేశాన్ని కలిపి ఉంచలేకపోయింది. ఆ బాధ మన ఇళ్లలో ఇంకా ఉంది, దాన్ని దాచాల్సిన పనిలేదు.

అనంతశయనం గారి కథలో నాకు ముఖ్యమనిపించేది ఆ తర్వాతి భాగం. 1950 ఏప్రిల్‌లో పార్లమెంటులో అంచనాల కమిటీ ఏర్పడింది. దాని వెనుక ఆర్థిక మంత్రి జాన్ మత్తాయ్ చొరవ ఉంది, ఆయన కేరళ క్రైస్తవుడు. మొదటి అధ్యక్షుడు అనంతశయనం గారే. సభ్యులు 25 మంది, 1956లో 30 చేశారు. మంత్రులకు చోటు లేదు. సభలో ఏ పార్టీకి ఎంత బలముంటే కమిటీలోనూ దాదాపు అంత. ప్రభుత్వ విధానం మంచిదా చెడ్డదా అనేది వీళ్ల పని కాదు. ఆ విధానానికి అడిగిన డబ్బు అవసరమా, అదే పని తక్కువలో అవుతుందా అని అధికారులను పిలిచి అడుగుతారు. నివేదికలో అసమ్మతి నోటు రాసే వీలు లేదు. అంటే సభలో గొంతు చించుకునేవాళ్లు ఈ గదిలో ఒక అంకె దగ్గరకు రావాల్సిందే. లోపం కూడా ఉంది: కమిటీ చెప్పింది ప్రభుత్వం వినాలని చట్టమేమీ లేదు, నివేదిక వచ్చేసరికి ఆ ఏడాది బడ్జెట్ ఆమోదం అయిపోతుంది కూడా.

1952లో తిరుపతి నుంచి, 1957లో చిత్తూరు నుంచి లోక్‌సభకు వెళ్లారు. ముందు డిప్యూటీ స్పీకర్, 1956లో మావలంకర్ మరణం తర్వాత స్పీకర్. ఆయన స్పీకర్‌గా ఉండగానే 1957 డిసెంబరులో ముంద్రా వ్యవహారం సభకు వచ్చింది. కొత్తగా పుట్టిన ఎల్‌ఐసీ, జనం పాలసీ డబ్బులో సుమారు 1.24 కోట్లు ఒక వ్యాపారి కంపెనీల షేర్లలో పెట్టింది. అడిగింది ప్రతిపక్షం కాదు, కాంగ్రెస్ సభ్యుడు, పార్సీ అయిన ఫిరోజ్ గాంధీ. విచారణ చేసింది బొంబాయి హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి ఎం.సి. చాగ్లా, ముస్లిం. పదవి వదులుకుంది ఆర్థిక మంత్రి టి.టి. కృష్ణమాచారి. ఎవరి కులం, మతం ఏమిటని ఆ రోజు జనం పెద్దగా లెక్కపెట్టుకోలేదు, పాలసీ డబ్బు ఎక్కడికి పోయిందన్నదే అడిగారు.

1962లో చిత్తూరు నుంచి మళ్లీ గెలిచినా, బీహార్ గవర్నర్‌గా వెళ్లడంతో సీటు ఖాళీ అయింది. ఉప ఎన్నికలో మనవాళ్లు గెలిపించింది స్వతంత్ర పార్టీ నాయకుడు ఎన్.జి. రంగాను. 1930లలో కాంగ్రెస్ తరఫున అదే కేంద్ర శాసనసభలో అనంతశయనం గారితో కలిసి కూర్చున్న రంగా, ఈసారి కాంగ్రెస్‌కు ఎదురుగా ఢిల్లీ వెళ్లారు.

గవర్నర్ పదవి అయ్యాక సంస్కృత విద్యాపీఠం పనుల్లో గడిపారు. 1978 మార్చి 19న కన్నుమూశారు. అంచనాల కమిటీలో ఇప్పటికీ 30 మందే, మంత్రులకు ఇప్పటికీ చోటు లేదు. ఉప్పు మీద జీఎస్టీ కూడా లేదు.