శాస్త్రిగారి ముంగిటి సేద్యము

హైదరాబాదునకు తూర్పున, దిల్‌సుఖ్‌నగరము దాటి పోవు బాటసారి లాల్ బహదూరు నగరము చేరును. జనవ్యవహారమున అది ఎల్.బి. నగరమై, మూలపురుషుని నామము రెండక్షరములలో నడగిపోయినది. ఆ కూడలిని నిత్యము దాటువారిలో ఆ యక్షరములు ఎవరివో తలచువారు కొలదిమంది. ఆ మహనీయుని చరిత్రను, అందును ఒక చిన్న కార్యమును, నేడు స్మరింపవలసి యున్నది. పేదలకై కట్టు ఇండ్ల సముదాయములలో మొక్కకు చోటుండవలయునా యను ప్రశ్నకు ఆయన నడవడియే సమాధానమని మేము తలంచుచున్నాము.

లాల్ బహదూరు 1904 అక్టోబరు 2వ తేదీన కాశీకి సమీపముననున్న మొగల్‌సరాయిలో జన్మించెను. రెండేండ్లు నిండకమునుపే తండ్రి గతింపగా, తల్లి రాందులారీదేవి పుట్టినింట పెరిగెను. 1921లో గాంధీమహాత్ముని పిలుపు విని పాఠశాల విడిచెను. కాశీ విద్యాపీఠమున చదివి 1925లో శాస్త్రి పట్టము పొందెను. కులసూచకమైన నామమును విసర్జించిన ఆయనకు ఆ పట్టమే పేరై నిలిచెను. 1928లో లలితాదేవిని వివాహమాడి, రాట్నమును ఖద్దరును మాత్రమే కానుకగా గ్రహించెను. స్వాతంత్ర్యసమరమున పలుమారులు చెరసాల కేగెను.

మన ప్రాంతమునకు ఆయనతో ముడిపడిన దుఃఖస్మృతి యొకటి కలదు. 1956 సెప్టెంబరులో మహబూబునగరము చెంత వంతెన కూలి, రైలు పడిపోయి, నూరుమందికి పైగా మరణించిరి. రైల్వేమంత్రిగా నున్న శాస్త్రిగారు రాజీనామా నీయగా ప్రధాని నెహ్రూ అంగీకరింపలేదు. ఆ నవంబరులోనే అరియలూరు వద్ద మరియొక ఘోరము జరుగగా, మరల రాజీనామా నిచ్చి పదవిని వీడెను. తరువాత దేశమునకు హోంమంత్రి యయ్యెను; కాని స్వంత ఇల్లు లేదు. ఇల్లులేని గృహమంత్రి యని జనులు ప్రేమతో పరిహాసమాడిరి.

1964 జూన్ 9వ తేదీన ఆయన ప్రధానమంత్రి యయ్యెను. అప్పుడు దేశమున ధాన్యపుకొరత ప్రబలముగా నుండెను. అమెరికా ఓడలు తెచ్చు గోధుమల కొరకు ఎదురుచూడవలసి వచ్చుచుండెను. 1965 జనవరిలో భారత ఆహారసంస్థ స్థాపింపబడెను. ఆ యేట యుద్ధమును వచ్చిపడగా, సైనికునకును కర్షకునకును జయము పలుకు నినాదమును శాస్త్రిగారు దేశమున కిచ్చిరి. వారమున కొకపూట భోజనము మానుడని ప్రజలను కోరుటకు పూర్వము, ఆ నియమమును తన యింట నడిపి చూచిరి. అధికార నివాసమందలి పచ్చికబయలును దున్నించి, తామును నాగలి పట్టి, అందు పైరు వేసిరి.

ఆ పంట దేశమునకు ఒక కబళమునకైనను చాలదు. ఆ సంగతి ఆయన యెరుగనిది కాదు. కొరత తీరుటకు మెక్సికోనుండి తెచ్చిన మేలురకపు గోధుమవిత్తనములు, ఎరువులు, నీటివసతి, రైతునకు గిట్టుబాటు ధర కావలసివచ్చెను. అయినను, ఏలువాడు తన వాకిటి నేలను ముందుగా విడిచినందుననే ఆయన మాట జనుల హృదయములకు తాకెను.

ఇక మన సంగతి చూతము. దిల్‌సుఖ్‌నగరము నాడు దిల్‌సుఖ్ రామ్ పర్షాదను జాగీర్దారుని సేద్యపు భూమి. ముక్కలై ఇండ్లస్థలము లయ్యెను. అటనుండి వనస్థలిపురము వరకు పొలములన్నియు మేడలైనవి. 2020 డిసెంబరులో వనస్థలిపురపు జైభవానీనగరమున 324 రెండుగదుల ఇండ్లు పేదల కీయబడెను. ఈ పథకమున ఇల్లు 560 చదరపు అడుగులు. గుడిసెనుండి అందులోనికి వచ్చిన కుటుంబమునకు గోడలు, కప్పు, గౌరవము లభించినవి. కాని గుడిసెచెంత పాకిన సొరపాదునకు, బచ్చలితీగకు ఇట్టి మేడలలో చోటెక్కడ? అందరిదగు మిద్దె యెవరిదియు కాకపోవును. క్రిందినేల సిమెంటుతో మూయబడును.

మిద్దెపై మట్టి బరువని, నీరు క్రిందికి కారునని ఇంజనీర్లు చెప్పుదురు. అది నిజమే. కావుననే ఈ యేర్పాటు ఇల్లు కట్టునాడే జరుగవలయును. పిదప పేదవానిపై నెట్టరాదు. కప్పునకు నీరుపట్టని పూత, కొబ్బరిపొట్టును వానపాముల ఎరువును కలిపిన తేలికమట్టి, మిద్దెమీద నొక కొళాయి, ఇంటింటికి గుర్తించిన కొలదిచోటు చాలును. తోటకూర, పాలకూర, మెంతికూర నెలనాళ్లలో చేతికందును. బియ్యము కడిగిన నీరు వృథా కాదు. వంటింటి చెత్త ఎరువగును. దీనివలన నగరము కడుపు నిండదు. దినకూలి ఇల్లాలికి మాత్రము కూరల ఖర్చు కొంత తగ్గును.

ఇండ్లస్థలములు వేయు భూస్వాములును, ఇండ్లు మంజూరు చేయు అధికారులును దీనిని దయాధర్మముగా నెంచరాదు. 1966 జనవరి 11వ తేదీన తాష్కెంటులో మరణించునాటికి శాస్త్రిగారికి మిగిలినది కారు కొనిన అప్పు. దానిని లలితాదేవి తన పింఛనునుండి తీర్చెను. అట్టివాని పేరు పెట్టుకొన్న నగరమున, ముందుగా ప్రభుత్వ కార్యాలయముల పచ్చికబయళ్లలో కూరమడులు వేయింపుడని, రాబోవు ఇండ్ల నమూనాలలో మిద్దెతోటకు స్థలము చూపుడని మేము కోరుచున్నాము. పేదవానికి ఉపన్యాసములు ఆ పిమ్మట చెప్పవచ్చును.