విడిభాగాలుగా వచ్చిన కారు
(బ్రూస్ మెక్‌లారెన్ జీవితం)

ప్రతి ఏడాదీ మన వార్షికోత్సవ సంచికలో ఒక ప్రసిద్ధ వ్యక్తి జీవితం వస్తుంది. అంబేద్కర్ గారిని గురించీ, జ్యోతిబా ఫూలే గారిని గురించీ, జాషువా గారిని గురించీ మన ముందువాళ్లు చక్కగా రాశారు. ఈసారి ఆ పని మాకు అప్పజెప్పారు. మేము ఈ హాస్టల్లోనే ఉండి పదో తరగతి పాసై, కొందరం ఐ.టి.ఐ.లో, కొందరం పాలిటెక్నిక్‌లో చేరినవాళ్లం. చేతికి గ్రీజు అంటుకున్న మనిషి కథ ఒకటి మన సంచికలో ఉండాలని మాకు చాలాకాలంగా కోరిక. అందుకే న్యూజీలాండ్ దేశానికి చెందిన బ్రూస్ మెక్‌లారెన్‌ను ఎంచుకున్నాం. ఆయన చనిపోయి యాభై ఏళ్లు దాటింది. కానీ ఆయన ఇంటిపేరు ఇప్పటికీ ఫార్ములా వన్ కార్ల మీద, ఖరీదైన స్పోర్ట్స్ కార్ల మీద కనిపిస్తుంది.

బ్రూస్ 1937 ఆగస్టు 30న ఆక్లాండ్ నగరంలో పుట్టాడు. తండ్రి లెస్ మెక్‌లారెన్‌కు రెమ్యురా అనే పేటలో ఒక పెట్రోలు బంకు, దానికి ఆనుకుని మెకానిక్ షెడ్డు ఉండేవి. తల్లి పేరు రూత్. పిల్లవాడు పెట్రోలు వాసన మధ్యనే పెరిగాడు.

తొమ్మిదేళ్ల వయసులో అతనికి ఎడమ తుంటి దగ్గర జబ్బు చేసింది. దాన్ని పెర్తెస్ వ్యాధి అంటారు. తుంటి కీలులో ఉండే ఎముక తలకు రక్తం సరిగా అందక అది మెత్తబడిపోతుంది. ఇప్పుడైతే రకరకాల వైద్యాలున్నాయి. ఆ రోజుల్లో మాత్రం కాలు మీద బరువు పడకుండా నెలల తరబడి పడుకోబెట్టడమే వైద్యం. అతన్ని టాకపూనాలో వికలాంగ పిల్లల కోసం నడిచే విల్సన్ హోమ్‌లో చేర్చారు. దాదాపు రెండేళ్లు అక్కడే. కాళ్లు కదలకుండా ఒక చట్రానికి కట్టి ఉంచేవాళ్లు.

ఈ భాగం చదివినప్పుడు మాకు మన హాస్టల్‌కు వచ్చిన మొదటి నెల గుర్తుకొచ్చింది. అమ్మానాన్నలు ట్రంకుపెట్టె దించి వెళ్లిపోయాక బస్సు మలుపు తిరిగేదాకా చూసి, ఆదివారం ఎప్పుడొస్తుందా అని లెక్కపెట్టిన రోజులు అందరికీ ఉన్నాయి కదా! మనం కనీసం గ్రౌండులో పరుగెత్తగలిగాం. ఆ పిల్లవాడు పరుగెత్తలేడు. అయినా చక్రాల కుర్చీలోకి వచ్చే వీలు దొరికాక, ఆ హోమ్ వరండాల్లో మిగతా పిల్లలతో కుర్చీ పందేలు పెట్టుకున్నాడు. ఇంటికి తిరిగి వచ్చేసరికి ఎడమ కాలు కుడికాలి కంటే పొట్టి అయింది. బతికినంత కాలం కొద్దిగా కుంటుతూనే నడిచాడు. రగ్బీ ఆట అంటే ప్రాణం పెట్టే దేశంలో ఆ ఆట ఆడలేని కుర్రాడయ్యాడు.

అతనికి పదమూడు, పద్నాలుగేళ్ల వయసులో తండ్రి ఒక పాత కారు కొన్నాడు. అది ఆస్టిన్ సెవెన్ అల్‌స్టర్. రెండు సీట్ల చిన్న స్పోర్ట్స్ కారు. అయితే అది నడుచుకుంటూ రాలేదు, ఊడదీసిన విడిభాగాలుగా వచ్చింది.

ఆస్టిన్ సెవెన్ సంగతి కొంచెం చెప్పాలి. ఇంగ్లండులో 1922లో సామాన్య కుటుంబాల కోసం తయారుచేసిన బుల్లి కారు అది. నాలుగు సిలిండర్లు, 747 సి.సి. ఇంజను. మన ఊళ్లో తిరిగే పెద్ద మోటారు సైకిళ్లలో కొన్నిటికి అంతకంటే పెద్ద ఇంజను ఉంటుంది. బ్రేకులు సైకిలు బ్రేకుల్లాగా తీగలతో పనిచేసేవి, పట్టీ పట్టనట్టుండేవి. కానీ దానిలో ఒక గొప్ప సుగుణం ఉంది. ఏ భాగం ఏం చేస్తుందో కంటికి కనిపిస్తుంది. నాలుగు పానాలు, ఒక స్క్రూడ్రైవరు, ఓపిక ఉంటే ఇంటి వెనక కొట్టంలోనే విప్పి బిగించుకోవచ్చు. లోటస్ కార్ల కంపెనీ పెట్టిన కాలిన్ చాప్‌మన్ కూడా తన మొట్టమొదటి కారును ఇలాంటి పాత ఆస్టిన్ సెవెన్ మీదే తయారుచేసుకున్నాడు. తర్వాత రోజుల్లో ఈ ఇద్దరి జట్లే పోటాపోటీగా పందేల్లో తలపడ్డాయంటే ఆ బుల్లి కారు మహిమ ఏమిటో చూడండి.

తండ్రీ కొడుకూ కలిసి ఏడాది పాటు ఆ కారు మీద పనిచేశారు. తండ్రి షెడ్డులో పనిముట్లకు కొరత లేదు. అలాగని అంతా తండ్రే బిగించి తాళం చేతికివ్వలేదు. బ్రూస్ భాగాలను శుభ్రం చేశాడు, ఏది ఎక్కడిదో తెలుసుకున్నాడు, బిగించాడు.

ఇక్కడ మా అనుభవం ఒకటి చెప్పక తప్పదు. తొమ్మిదో తరగతిలో ఉండగా మాలో ఒకడి సైకిలు వెనక చక్రం కిరకిరలాడుతుంటే మేమే విప్పాం. విప్పడం పది నిమిషాల పని. ఇరుసులోని బాల్స్ గచ్చు మీద దొర్లి మంచాల కిందికి పోయాయి. వెతికి తెచ్చి, గ్రీజు పూసి బిగించాక చూస్తే ఒక వాషరు చేతిలో మిగిలింది. అది ఎక్కడిదో ఎవరికీ తెలియదు. మళ్లీ విప్పాం. మూడోసారికి చక్రం సాఫీగా తిరిగింది. ఆ రోజు రాత్రి మెస్సులో మా గొప్పలు వినలేక వంటమాస్టరు గారు చెవులు మూసుకున్నారు! చిన్న సంగతే. కానీ ఆ తర్వాత మాలో ఎవరమూ సైకిలు చూసి భయపడలేదు. బ్రూస్‌కు అల్‌స్టర్ కారుతో జరిగింది ఇదేనని మా ఉద్దేశం. కాకపోతే అతనికి మిగిలిన వాషర్లు చాలా ఎక్కువ ఉండి ఉంటాయి.

కారు తయారయ్యాక తండ్రి నడిపి చూశాడు. అది ఆయనకు బొత్తిగా నచ్చలేదు. స్టీరింగు ఒకవైపు, బండి ఇంకొకవైపు. అమ్మేద్దామని నిర్ణయించుకున్నాడు. కొడుకు వదల్లేదు. బతిమాలి బామాలి తన దగ్గరే ఉంచుకున్నాడు. లైసెన్సుకు వయసు రాకముందు ఇంటి వెనక పండ్ల చెట్ల మధ్య ఎనిమిది అంకె ఆకారంలో దారి చేసుకుని దాని మీదే తిప్పేవాడు. హైస్కూలు కుర్రాడిగా ఉన్నప్పుడే కొండదారి పందేల్లో ఆ కారుతో పాల్గొన్నాడు. చెడిపోయినప్పుడల్లా తానే విప్పేవాడు. ఇంకా వేగం కావాలనిపించి ఇంజను హెడ్‌కు తానే మార్పులు చేశాడు. కాలు సరిగా లేని కుర్రాడికి ఆ కారు రెండు కాళ్లూ ఇచ్చింది.

తర్వాత సాంకేతిక పాఠశాలలో చదివి, ఇంజనీరింగు కాలేజీలో చేరాడు. 1958లో న్యూజీలాండ్ గ్రాండ్ ప్రీ సంఘం వారు మంచి డ్రైవరును యూరప్ పంపే ఉపకారవేతనం మొదలుపెట్టారు. అది అందుకున్న మొదటివాడు బ్రూస్. మనలాగే స్కాలర్‌షిప్ మీద బయలుదేరినవాడన్నమాట. ఇంగ్లండులోని సర్బిటన్‌లో కూపర్ కంపెనీకి వెళితే, కొత్త కారు సిద్ధంగా ఉంటుందనుకున్న అతనికి చట్రానికి వాడే గొట్టాలు చూపించారు. నీ కారు నువ్వే కట్టుకో అన్న ధోరణి! వేరొకడైతే ఉత్తరం రాసి ఇంటికి తిరిగి వెళ్లేవాడేమో. అల్‌స్టర్‌ను విడిభాగాల నుంచి నిలబెట్టినవాడికి అది కొత్త పని కాదు. పానా పట్టుకున్నాడు. అదే ఏడాది జర్మనీలోని నూర్‌బర్గ్‌రింగ్‌లో చిన్న ఇంజన్లున్న ఫార్ములా టూ విభాగంలో మొదటివాడిగా, మొత్తం మీద ఐదోవాడిగా వచ్చాడు.

1959 డిసెంబరు 12న అమెరికాలోని సెబ్రింగ్‌లో అతని జట్టు నాయకుడు జాక్ బ్రభమ్ కారులో చివరి చుట్టులో పెట్రోలు అయిపోయింది. వెనకే ఉన్న బ్రూస్ ముందుకు దూసుకెళ్లి గెలిచాడు. అప్పటికి వయసు ఇరవై రెండేళ్లు. ఇండియానాపొలిస్ పందేన్ని లెక్కలోంచి తీసేస్తే, ప్రపంచ ఛాంపియన్‌షిప్ పందెం గెలిచిన అతి చిన్న వయస్కుడనే పేరు 2003లో ఫెర్నాండో అలోన్సో వచ్చేదాకా ఆయనదే.

1963లో ఆయన సొంత సంస్థ పెట్టాడు. మొదట్లో పనిచేసిన షెడ్డు న్యూ మాల్డెన్‌లో ఉండేది. అందులోనే పక్కన మట్టి చదునుచేసే యంత్రం ఒకటి నిలబెట్టి ఉండేది. పనివాళ్లు కొద్దిమందే. యజమాని కూడా వాళ్లతో కలిసి రాత్రిళ్లు పనిచేసేవాడు. 1966లో తోటి న్యూజీలాండ్ యువకుడు క్రిస్ ఏమన్‌తో కలిసి ఫోర్డ్ కారులో లె మాన్స్ ఇరవై నాలుగు గంటల పందెం గెలిచాడు. 1968లో బెల్జియంలోని స్పాలో తన పేరున్న కారును తానే నడిపి గెలిచాడు. ముందున్న కారు పెట్రోలు కోసం ఆగిపోయిన సంగతి తెలియక, తాను రెండోవాడిగా వచ్చాననుకున్నాడట. సొంత పేరున్న కారులో ప్రపంచ ఛాంపియన్‌షిప్ పందెం గెలిచినవాళ్లు ఇద్దరే: బ్రభమ్, మెక్‌లారెన్.

అమెరికా, కెనడాలలో జరిగే కాన్-ఆమ్ స్పోర్ట్స్ కార్ల పందేల్లోనైతే వాళ్లకు ఎదురే లేకపోయింది. బొప్పాయి పండు రంగు వేసిన ఆ కార్లు 1967లో ఆరింటిలో ఐదు పందేలు, 1969లో పదకొండుకు పదకొండూ గెలిచాయి. ఆ రెండేళ్లూ ఛాంపియన్ బ్రూసే. రోడ్డు మీద తిరిగే స్పోర్ట్స్ కారు కూడా తయారుచేయాలని ఎం6జీటీ అనే నమూనా కట్టించి, దాన్ని తన సొంత బండిగా వాడుకునేవాడు.

1970 జూన్ 2న ఇంగ్లండులోని గుడ్‌వుడ్ ట్రాక్ మీద కొత్త కాన్-ఆమ్ కారును పరీక్షిస్తున్నాడు. వేగంగా పోతుండగా వెనక భాగంలోని బాడీ ఊడి లేచిపోయింది. గాలి ఒత్తిడి పోయి కారు అదుపు తప్పి, ట్రాక్ పక్కన సిబ్బంది నిలబడే దిమ్మెను గుద్దుకుంది. బ్రూస్ అక్కడికక్కడే చనిపోయాడు. వయసు ముప్పై రెండు. భార్య ప్యాటీ, నాలుగేళ్ల కూతురు అమాండా మిగిలారు. తన చేతులతో కట్టుకునే మనిషి చివరికి ఒక బిగింపు ఊడిపోవడం వల్ల పోయాడన్నది మమ్మల్ని చాలాసేపు మాట్లాడనివ్వలేదు. ఐ.టి.ఐ.లో మా మాస్టారు బిగించిన ప్రతి బోల్టునూ రెండోసారి చెయ్యి పెట్టి చూడమని ఎందుకు సతాయిస్తారో అప్పుడు అర్థమైంది.

ఆయన మనుషులు షెడ్డు మూయలేదు. పన్నెండు రోజులకే, జూన్ 14న కెనడాలోని మోస్‌పోర్ట్ పందేనికి అదే రకం కార్లను తీసుకెళ్లారు. డాన్ గర్నీ వాటిలో ఒకదాన్ని నడిపి గెలిచాడు. ఆ ఏడాది పది పందేల్లో తొమ్మిది ఆ జట్టువే.

ఆ చిన్న ఆస్టిన్ అల్‌స్టర్ ఏమైందని మీలో ఎవరైనా అడుగుతారని తెలుసు. అది చెక్కుచెదరకుండా ఉంది. ఇంగ్లండులోని వోకింగ్‌లో మెక్‌లారెన్ కంపెనీ పెద్ద భవనం కట్టుకుంది. అక్కడ ప్రపంచ ఛాంపియన్లు నడిపిన కార్లను వరసగా నిలబెట్టారు. ఆ కార్లతో పాటు, తండ్రి అమ్మేద్దామనుకున్న ఈ బుల్లి కారునూ ఉంచారు.