అంకెలను ప్రశ్నించడం నేర్పిన మహలనోబిస్

ఏటా జూన్ 29న దేశం జాతీయ గణాంక దినోత్సవాన్ని జరుపుకుంటుంది. 2007లో మొదలైన ఈ ఆనవాయితీ ప్రశాంత చంద్ర మహలనోబిస్ స్మృతికి అంకితం. రెండో పంచవర్ష ప్రణాళిక రూపశిల్పిగా ఆయన పేరు పాఠ్యపుస్తకాలలో స్థిరపడింది. అంతకు చాలా ముందే ఆయన కళాశాలలో భౌతికశాస్త్రం బోధిస్తూ, తీరిక వేళల్లో ఇతరులు పోగుచేసిన కొలతలను ముందేసుకుని వాటిలోని తప్పొప్పులను వెదికిన పరిశోధకుడు. విశ్లేషణకు పూనుకునే ముందు ఆ అంకెను ఎవరు, ఎక్కడ, ఎలా సేకరించారో తెలుసుకోవాలన్నది ఆయన జీవితాంతం పాటించిన నియమం. నేడు పాఠశాల సైన్స్ ప్రాజెక్టు మొదలు విశ్వవిద్యాలయ పరిశోధన వరకు విద్యార్థులకు చెప్పే తొలి పాఠం కూడా అదే.

మహలనోబిస్ 1893లో కలకత్తాలో బ్రహ్మసమాజ కుటుంబంలో జన్మించారు. ప్రెసిడెన్సీ కళాశాలలో జగదీశ్ చంద్ర బోస్, ప్రఫుల్ల చంద్ర రాయ్ వంటి ఆచార్యుల వద్ద చదివి, 1912లో భౌతికశాస్త్ర ఆనర్స్‌తో పట్టభద్రులయ్యారు. మరుసటి ఏడాది లండన్‌లో చదవాలని ఇంగ్లాండుకు వెళ్లారు. ఒకరోజు కేంబ్రిడ్జి చూడబోయి, తిరుగు రైలు తప్పిపోవడంతో ఆ రాత్రి అక్కడే ఉండిపోయారు. ఆ ఊరు ఎంతగానో నచ్చి అక్కడి కింగ్స్ కళాశాలలో చేరారు. శ్రీనివాస రామానుజన్‌తో స్నేహం కుదిరింది కూడా ఆ రోజుల్లోనే. రాత్రంతా చలికి వణుకుతున్నానని రామానుజన్ చెప్పినప్పుడు, మహలనోబిస్ గదిలోకి వెళ్లి మంచాన్ని పరిశీలించారు. దుప్పట్లు పరుపు కింద మడిచి ఉన్నాయి. రామానుజన్ వాటి మీదనే పడుకుంటున్నారు. దుప్పటి తొలగించి లోపలికి దూరి పడుకోవాలని మహలనోబిస్ ఆయనకు చూపించారు.

1915లో స్వదేశానికి బయలుదేరే సమయానికి యుద్ధం వల్ల ఓడ ఆలస్యమైంది. ఆ వ్యవధిలో కళాశాల అధ్యాపకుడు ఒకరు బయోమెట్రికా అనే గణాంకశాస్త్ర పత్రికను ఆయన దృష్టికి తెచ్చారు. మహలనోబిస్ ఆ సంపుటాలన్నీ కొని ఓడలోనే చదవడం మొదలుపెట్టారు. కలకత్తా చేరి ప్రెసిడెన్సీ కళాశాలలో భౌతికశాస్త్ర అధ్యాపకులుగా కుదురుకున్నా, మనసు మాత్రం ఆ కొత్త శాస్త్రం వైపే మొగ్గింది. 1920లో నాగపూర్‌లో జరిగిన సైన్స్ కాంగ్రెస్‌లో జంతుశాస్త్ర సర్వేక్షణ సంస్థ అధిపతి నెల్సన్ అన్నండేల్‌తో పరిచయమైంది. కలకత్తాలోని ఆంగ్లో ఇండియన్ల శరీర కొలతలను విశ్లేషించే పని అన్నండేల్ ఆయనకు అప్పగించారు. 1922లో వెలువడిన మహలనోబిస్ తొలి గణాంక పరిశోధన పత్రం దాని ఫలితమే. ఒక సమూహానికీ మరో సమూహానికీ మధ్య ఎడమ ఎంతో, పలు కొలతలను ఒకేసారి లెక్కలోకి తీసుకుని చెప్పే పద్ధతి ఈ కృషి నుంచే రూపుదిద్దుకుంది. 1936 నాటి పత్రంతో అది మహలనోబిస్ దూరంగా ప్రపంచ ప్రసిద్ధమైంది.

అదే కాలంలో వరదలు ఆయన ముందు మరింత బరువైన ప్రశ్నను ఉంచాయి. 1922లో ఉత్తర బెంగాల్‌ను భారీ వరద ముంచెత్తింది. వరద నీటిని నిలిపి ఉంచే భారీ జలాశయాలు నిర్మించాలని ఇంజినీర్ల సంఘం సూచించింది. సుమారు 50 ఏళ్ల వర్షపాతం, వరదల వివరాలను పరిశీలించిన మహలనోబిస్, అంత ఖర్చు పెట్టినా ప్రయోజనం ఉండదని, నీరు త్వరగా పారిపోయే దారి కల్పించడమే అవసరమని తేల్చారు. 1926లో ఒడిశాలో బ్రాహ్మణి నది పొంగినప్పుడు నదీగర్భం ఎత్తు పెరిగిందని భావించిన ఇంజినీర్లు కరకట్టలను మరికొన్ని అడుగులు పెంచాలన్నారు. దశాబ్దాల రికార్డులను పరిశీలించిన ఆయనకు నదీగర్భం పెరిగిన ఆధారం దొరకలేదు. వరద నియంత్రణకు ఎగువన ఆనకట్టలు కట్టాలన్న ఆయన సూచన తర్వాతి కాలపు నదీ ప్రణాళికలకు పునాదులలో ఒకటైంది.

భౌతికశాస్త్ర విభాగంలోని ఒక గదిలో ఆయన నడిపిన గణాంక ప్రయోగశాల నుంచే భారతీయ గణాంక సంస్థ పుట్టింది. 1931 డిసెంబరులో సంకల్పించిన ఆ సంస్థ 1932లో నమోదైంది. మొదటి ఏడాది ఖర్చు 238 రూపాయలు. 1933లో సాంఖ్య పత్రిక మొదలైంది. హెర్బర్ట్ రిస్లీ 1891లో ప్రచురించిన బెంగాల్ కులాలు, తెగల శరీర కొలతలను ఆ పత్రికలోనే మహలనోబిస్ పునఃపరిశీలించి, దొర్లిన పొరపాట్లను సవరించారు. అచ్చయిన అంకెకైనా, అధికారి పేరున్న అంకెకైనా పరీక్ష తప్పదని ఆ పని చాటింది.

సేకరణ కళకు అసలు పరీక్ష జనపనార పొలాల్లో ఎదురైంది. బెంగాల్ అంతటా ప్రతి పొలాన్నీ కొలవడం మోయలేని భారం. కొన్ని పొలాలను మాత్రమే యాదృచ్ఛికంగా ఎంచుకుని మొత్తం విస్తీర్ణాన్ని అంచనా వేయవచ్చని ఆయన ప్రతిపాదించారు. 1937లో చిన్న ప్రాంతంలో ప్రయోగాత్మక సర్వేతో మొదలుపెట్టి, ఏటా అనుభవం కూడగట్టుకుంటూ పరిధి పెంచారు. సిబ్బందికి నడకకు ఎంత సమయం పట్టింది, కొలతకు ఎంత పట్టింది అన్నదీ నమోదు చేయించారు. కోత ప్రయోగాల్లో మరో సంగతి బయటపడింది. మరీ చిన్న ముక్కలో పంట కోసి తూచితే దిగుబడి ఉన్నదానికన్నా ఎక్కువగా కనిపిస్తుంది. హద్దు మీద నిలిచిన మొక్కను లోపలిదిగా లెక్కించే మొగ్గు మనిషి చేతికి ఉంటుంది కాబట్టి ఇలా జరుగుతుంది.

ఈ మొగ్గును పట్టుకోవడానికే ఆయన ఒక ఉపాయం రూపొందించారు. ఒకే ప్రాంతంలో రెండు స్వతంత్ర నమూనాలు తీసి, వాటిని రెండు వేర్వేరు బృందాలకు అప్పగిస్తారు. ఒకరి ఫలితం మరొకరికి తెలియదు. రెండు అంచనాలు దగ్గరగా ఉంటే నమ్మకం పెరుగుతుంది. దూరంగా ఉంటే ఎక్కడో నిర్లక్ష్యమో, కొలత లోపమో ఉందని తెలిసిపోతుంది. తప్పు ఉండదని భరోసా ఇవ్వడం కన్నా తప్పు ఎంతో చెప్పగలగడం మేలని ఆయన సిద్ధాంతం. 1943 బెంగాల్ కరవు తర్వాత గ్రామాల దుస్థితిని అంచనా వేయడానికీ నమూనా సర్వేనే సాధనమైంది. భూమి అమ్ముకున్నవారు, నిరాధారులైనవారు ఎందరన్న ప్రశ్నకు ఊహలకు బదులు లెక్కతో జవాబు దొరికింది.

ఆయన సంస్థ తెలుగు నేల విద్యార్థికీ దారి చూపింది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన కల్యంపూడి రాధాకృష్ణారావు 1941లో కలకత్తా చేరి అక్కడే శిక్షణ పొందారు. 1946లో కేంబ్రిడ్జి వెళ్లి, సూడాన్‌లో దొరికిన ప్రాచీన అస్థిపంజరాల కొలతలను మహలనోబిస్ పద్ధతితో విశ్లేషించారు. గురువు మొదలుపెట్టిన బాటలో నడిచి శిష్యుడు ప్రపంచ ప్రఖ్యాత గణాంకవేత్తగా ఎదిగారు.

స్వాతంత్ర్యం తర్వాత 1949లో ఏర్పడిన జాతీయ ఆదాయ సంఘానికి మహలనోబిస్ అధ్యక్షులయ్యారు. గ్రామీణ కుటుంబాల వినియోగం, ఉపాధి గురించి తగిన సమాచారమే లేదని గుర్తించడంతో 1950లో జాతీయ నమూనా సర్వే మొదలైంది. భారీ పరిశ్రమలకు పెద్దపీట వేసిన ఆయన ప్రణాళిక నమూనాపై ఆర్థికవేత్తలు నాడూ నేడూ విమర్శలు చేస్తూనే ఉన్నారు. సేకరణలో ఆయన నెలకొల్పిన క్రమశిక్షణ మాత్రం ఆ వాదాలకు అతీతంగా నిలిచింది. 1968లో పద్మవిభూషణ్ అందుకున్న మహలనోబిస్, 79వ జన్మదినానికి ఒకరోజు ముందు, 1972 జూన్ 28న కన్నుమూశారు.

నేడు గణన నిమిషంలో పూర్తవుతుంది. అయినా ఊరి బావుల నీటిమట్టం కొలిచే విద్యార్థి బృందానికైనా, ఇంటింటి వివరాలు రాసుకునే సర్వే సిబ్బందికైనా ఆయన చూపిన మెట్లు మారలేదు. ముందు చిన్నగా ప్రయత్నించి చూడాలి. నమూనాను ఇష్టాయిష్టాలకు వదలకూడదు. ఒకరి కొలతను మరొకరు విడిగా సరిచూడాలి. వచ్చిన తేడాను దాచకుండా నివేదికలో చెప్పాలి. అంకెకు గౌరవం ఆ శ్రద్ధ వల్లనే వస్తుంది.