హూడినీ గురువుగా నెంచుకొనిన గ్రంథము

ఇంద్రజాలికులలో ప్రసిద్ధుడగు హ్యారీ హూడినీ 1874వ సంవత్సరమున బుడాపెస్టు నగరమందు ఒక యూదమత బోధకునికి జన్మించెను. అమెరికాలో బీదతనమున పెరిగిన యీ బాలుడు ఫ్రెంచి ఐంద్రజాలికుడగు రాబర్టు హూడిన్ స్వీయచరిత్రమును గురువుగా నెంచుకొని, ఆయన పేరునుబట్టియే తన పేరు మార్చుకొనెను. పిమ్మట ప్రాతగ్రంథములను శోధించి, ఆ గురువు పరుల విద్యలను తనవిగా చెప్పుకొనెనని 1908లో ఖండనగ్రంథము ప్రకటించెను. అది మితిమీరిన ఖండనమని తరువాతివారు విమర్శించిరి.

తన విద్య వినోదమాత్రమేయని హూడినీ దాచలేదు. మృతులతో మాటలాడింతుమని దుఃఖితులను వంచించువారి గుట్టును 1920 తరువాత బయలుపెట్టెను. 1926 అక్టోబరు 31వ తేదీన మరణించెను. ఆయన గ్రంథములు వేలకొలది అమెరికా కాంగ్రెసు గ్రంథాలయమునకు చేరెను.

విద్యార్థులారా! గ్రంథమును ప్రేమింపుడు, ప్రేమించిన గ్రంథమునైనను పరీక్షింపుడని మేము కోరుచున్నాము.