విన్‌చెంజో లాంచా

ఇటలీ దేశమునందు 1984 మొదలు 1994 వఱకు లాంచా థేమా యను నాలుగు తలుపుల కారు నిర్మింపబడుచుండెను. అందొక తెగకు టర్బో యను సాధనము కలదు. యంత్రమునుండి వెడలు వేడి పొగ యొక చిన్న చక్రమును మిక్కిలి వడిగా త్రిప్పును. అదే యిరుసుమీది రెండవ చక్రము బయటి గాలిని నొక్కి యంత్రములోనికి పంపును. అందుచే రెండు లీటర్ల యంత్రమే పెద్దదానివలె బండిని లాగును. పాతబడిన యిట్టి కార్లు పేరుపొందిన యితర ఇటలీ కార్లకంటె తక్కువ వెలకు దొరకుటచే ననేకులు ముచ్చటపడి కొందురు. వ్యయము కొన్న పిమ్మటనే ప్రారంభమగును. టర్బో యిరుసు చమురులోనే తిరుగును గనుక చమురు వేళకు మార్పవలయును. వేగముగా నడిపి వచ్చినవాడు తటాలున యంత్రము నాపక, యొకటి రెండు నిమిషములు మెల్లగా తిరుగనీయవలయును; లేనిచో కాగిన యిరుసు చుట్టు చమురు నిలిచి మాడిపోవును. పండ్ల బెల్టును గడువు తీఱకమునుపే మార్పవలయును. వీటన్నిటికంటె ముఖ్యమైనది చెవి. క్రొత్త చప్పుడు వినబడిన దినముననే కారణము వెదకువానియొద్ద నట్టి కారు చిరకాలము పనిచేయును.

ఆ కారుమీది పేరు గలవాడు తన జీవితమును చప్పుళ్లు విని యంత్రములను పరీక్షించుటతోనే ప్రారంభించెను.

విన్‌చెంజో లాంచా 1881వ సంవత్సరము ఆగస్టు 24వ తేదీన, ఉత్తర ఇటలీలో, ఆల్ప్స్ పర్వతముల లోయయందలి ఫొబెల్లో గ్రామమున జన్మించెను. తండ్రి జుసెప్పె డబ్బాలలో నిలువయుంచు ఆహారపదార్థముల వ్యాపారముచే ధనము గడించినవాడు. కుమారుడు లెక్కలు నేర్చి గౌరవముగా బ్రతుకవలెనని యాతని కోరిక. ట్యూరిన్ నగరమున ఆ కుటుంబమునకు చెందిన యింటి యావరణములోనే చెయిరానో యనునతడు సైకిళ్లు చేయు కర్మశాల నడుపుచుండెను. 1898లో విన్‌చెంజో యచ్చట లెక్కలు వ్రాయుటకు కుదిరెను. పేరునకు గుమాస్తాయే గాని, యాతని మనస్సు చిట్టాలయందు నిలువలేదు; పనివారి ప్రక్కన నిలిచి మరమ్మతు నేర్చుకొనెను. తండ్రుల సంకల్ప మొకటి, బాలుర బుద్ధి యొకటి యగుట మన పాఠశాలలోను చూచుచునే యున్నాము.

మఱుసటి సంవత్సరము ఫియట్ సంఘమువా రా కర్మశాలను కొనిరి. ఇరువది యేండ్లయిన నిండని లాంచా వారియొద్ద కార్లను నడిపి పరీక్షించు పనిలో చేరెను. పిమ్మట వారి పక్షమున పందెములలో దిగెను. ఆతని వేగము ప్రసిద్ధమే, కాని యదృష్టము తోడురాలేదు. 1904లో ఫ్లోరియో పందెము గెలిచెను. 1905లో ఫ్రాన్సున గోర్డన్ బెన్నెట్ పందెమందు అందఱికంటె ముందుండగా రాయి తగిలి నీటిపెట్టె చిల్లుపడెను. ఆ యేటనే అమెరికాలో మరల ముందుండి, వేఱొక కారుతో ఢీకొని వెనుకబడెను.

1906 నవంబరులో, ఫొగోలిన్ అను స్నేహితునితో గూడి స్వంత సంఘమును స్థాపించెను. మూడు నెలలైన గడువకమునుపే, 1907 ఫిబ్రవరిలో, కర్మశాల యగ్నిపాలయ్యెను. అయినను ఆ సంవత్సరాంతములోపలనే మొదటి కారు సిద్ధమైనది. ప్రాచీన భాషలయందు పండితుడగు అన్న జొవాన్ని సలహామీద కార్లకు గ్రీకు అక్షరముల పేళ్లు పెట్టిరి: ఆల్ఫా, బీటా, థీటా.

వీటిలో లాంబ్డా యనునది ముఖ్యము. అంతవఱకు కారనగా నిచ్చెనవంటి యినుప చట్రముపై పెట్టె నిలిపినట్టిది. లాంచా ఆ చట్రమునే తీసివేసెను. ఓడ పొట్టవలె దేహమే భారమంతయు మోయునట్లు నిర్మించెను. ముందరి చక్రములు రెండును వేఱువేఱుగా లేచి దిగునట్లు చేసెను. ఒకటి గుంటలో పడినను రెండవదానికి కుదుపు తగులదు. 1922లో ప్యారిస్ ప్రదర్శనమున దీనిని చూపిరి. 1931 వఱకు సుమారు పదుమూడు వేల లాంబ్డాలు తయారైనవి. నేటి కార్లలో ననేకము చట్రము లేనివే.

ఇంత శ్రద్ధతో చేసినది చవుకగా నుండునా? ఈ చిక్కు ఆ సంఘమును విడువలేదు. స్థాపకుని యనంతరము, 1969లో, అది తుదకు ఫియట్ వారి వశమయ్యెను. కాని లాంచా కడపటి సంవత్సరములలో ఈ చిక్కునే విప్పబూనెను. ఆప్రీలియా యను చిన్న కారును తలపెట్టి, గాలి యడ్డగింపు తగ్గునట్లు దాని రూపమును ట్యూరిన్ నందలి సాంకేతిక విద్యాలయమున పరీక్షింపించెను. నాలుగు తలుపు లున్నను నడుమ స్తంభము లేదు. నాలుగు చక్రములును స్వతంత్రములు.

1936లో దానిని ప్రదర్శించిరి. 1937 ఫిబ్రవరి 15వ తేదీన లాంచా గుండె యాగి మరణించెను, వయస్సు ఏబదియైదు. కార్లు కర్మశాలనుండి విరివిగా వెలువడుట ఆతడు చూడలేదు. భార్య అడేలె సంఘభారము వహించెను. ఆప్రీలియా 1949 వఱకు తయారగుచుండెను.