మోరీయా, పిస్గా... ఒక గని కార్మికుడు

బైబిల్‌లోని రెండు కొండల్ని మనమెవ్వరం మరచిపోలేం. అబ్రాహాము తన కుమారుణ్ణి బలిగా అర్పించడానికి వెంటబెట్టుకొని వెళ్లిన మోరీయా ఒకటి. వాగ్దాన దేశాన్ని కళ్లారా చూసి కూడా అందులో అడుగుపెట్టకుండానే మోషే కన్నుమూసిన పిస్గా మరొకటి. దక్షిణ వేల్స్‌లో స్వాన్‌సీ నగరానికి దగ్గర్లో ఉన్న లఖర్ అనే బొగ్గు గనుల ఊరివాళ్లు తమ మందిరాలకు ఈ రెండు పేర్లూ పెట్టుకున్నారు. మోరీయా పెద్ద మందిరం. పిస్గా దాని ఆధ్వర్యంలో నడిచిన చిన్న మందిరం. ఆ రెండింటి నీడలో పెరిగిన ఒక గని కార్మికుడు మోరీయానూ పిస్గానూ తన బతుకులోనే చవిచూశాడు. ఆయనే ఇవాన్ రాబర్ట్స్.

1878 జూన్ 8న లఖర్‌లోని ఐలాండ్ హౌస్ అనే ఇంట్లో హెన్రీ, హన్నా దంపతులకు ఆయన జన్మించాడు. తండ్రిది గని పని. గనిలో జరిగిన ప్రమాదంలో తండ్రి కాలు విరగడంతో, ఇంకా ఆటపాటల్లో ఉండాల్సిన వయసులోనే ఇవాన్ బడి మానేసి గనికి వెళ్లాల్సి వచ్చింది. పలక పట్టాల్సిన చేతులకు బొగ్గు మసి అంటింది. అయినా బైబిల్‌ను వదల్లేదు. దాన్ని గనిలోకి కూడా తీసుకెళ్లి, పని మధ్య దొరికిన కాస్త విరామంలో చదువుకునేవాడు. ఒకసారి గనిలో సంభవించిన పేలుడు మంటలకు ఆ బైబిల్ పుటలు కమిలిపోయాయి. ఆయన మాత్రం ప్రాణాలతో బయటపడ్డాడు. పగలు గని, సాయంత్రాలు ప్రార్థన కూటాలు, ఆదివారం పిస్గాలో సండేస్కూలు. ఇదీ ఆయన యౌవనం. పరిశుద్ధాత్మ తన దేశాన్ని దర్శించాలని ఆయన పదేళ్లకు పైగా ప్రార్థించాడు. ఆ పదేళ్లలో ఆయన పేరు ఊరు దాటింది లేదు.

1902లో గని వదిలి కమ్మరి పని నేర్చుకున్నాడు. 1904లో, 26 ఏళ్ల వయసులో, సువార్త పరిచర్యకు సిద్ధపడాలని న్యూకాసిల్ ఎమ్లిన్‌లోని పాఠశాలలో చేరాడు. ఆ ఏడాది ఆరంభంలోనే న్యూ కీ అనే ఊరి సంఘంలో ఉజ్జీవం మొదలైంది. కాబట్టి దీపం వెలిగించింది ఇవాన్ కాదు, వెలిగిన దీపాన్ని గని వాడలకు మోసుకెళ్లిన వాళ్లలో ఆయనొకడు. సెప్టెంబరు 29న బ్లానానెర్క్‌లో జరిగిన కూటంలో ఆయన ప్రభువు పాదాల దగ్గర విరిగి నలిగిపోయాడు. అక్టోబరు 31న చదువు పక్కనబెట్టి సొంత ఊరికి తిరిగొచ్చాడు. ఆ రాత్రి మోరీయాలో ఆయన మాట వినడానికి ఆగినవాళ్లు 17 మంది!

తెలిసిన పాపాన్ని ఒప్పుకోవాలి, సందేహాస్పదమైన ప్రతి అలవాటునూ విడిచిపెట్టాలి, ఆత్మ ప్రేరేపిస్తే వెంటనే లోబడాలి, క్రీస్తును నలుగురిలో ఒప్పుకోవాలి. ఆయన బోధంతా ఈ నాలుగు మాటలే. కొద్ది వారాల్లోనే మందిరాలు కిక్కిరిశాయి. 1905 గడిచేసరికి దాదాపు లక్షమంది ప్రభువును అంగీకరించారని అంచనా. సారా దుకాణాలు వెలవెలబోయాయి, పాత బాకీలు తీరాయి. గనుల్లో పనికి ముందు ప్రార్థనలు మొదలయ్యాయి. బళ్లు లాగే గుర్రాలకు బూతులతో కూడిన ఆజ్ఞలే అలవాటు కాబట్టి, మారుమనస్సు పొందిన కార్మికుల మర్యాద మాటలు వాటికి అర్థం కాలేదని ఆనాడు చెప్పుకునేవారు. మోరీయా సంఘం ఏ డినామినేషన్‌కు చెందిందో, ఆ డినామినేషన్ మిషనరీలే 1841 నుంచి మన దేశంలోని ఖాసీ కొండల్లో పరిచర్య చేస్తూ వచ్చారు. 1905లో అక్కడి సంఘాల్లోనూ ఉజ్జీవం రగిలింది.

ఇక్కడితో ఆపేస్తే ఇదొక విజయగాథ. మనం సాధారణంగా ఇక్కడే ఆపేస్తాం కూడా. అయితే ఆ తర్వాతే అసలు కథ ఉంది. నెలల తరబడి విశ్రాంతి లేని ప్రయాణాలు, నిద్రలేని రాత్రులు, ఎడతెగని కూటాలు. వీటికి తోడు 1905 జనవరిలోనే తోటి పాస్టరు ఒకరు పత్రిక ద్వారా తీవ్రంగా విమర్శించాడు. ఆయన శరీరం, మనసు రెండూ కుంగిపోయాయి. 1906లో పూర్తిగా కూలబడి, ఇంగ్లాండులోని లెస్టర్‌లో జెస్సీ పెన్ లూయిస్ దంపతుల ఇంట ఆశ్రయం పొందాడు. అప్పటికి ఆయనకు 28 ఏళ్లు! ఆ తర్వాత అంతటి జనసమూహాలు మళ్లీ ఆయన ముందుకు రాలేదు. ఎన్నో ఏళ్లు మరుగున ఉండి, విజ్ఞాపన ప్రార్థననే తన పరిచర్యగా ఎంచుకున్నాడు. 1951 జనవరి 29న కార్డిఫ్‌లో కన్నుమూస్తే, మోరీయా మందిరం వెనుక ఉన్న కుటుంబ సమాధిలోనే ఉంచారు.

దక్షిణ వేల్స్‌ను పోషించిన లోతు గనులు ఒక్కొక్కటిగా మూతపడ్డాయి. పేరుపొందిన టవర్ గని కూడా 2008లో ఆగిపోయింది. నాడు కిక్కిరిసిన మందిరాల్లో ఎన్నింటికో తాళాలు పడ్డాయి. మోరీయా ముందున్న స్మారక స్తంభం మాత్రం ఆ రోజుల్ని గుర్తుచేస్తోంది. మరి ఉజ్జీవం వృథా అయిందా? లేదు. మందిరాలు మూతపడినంత మాత్రాన, నాడు తాగుడు మానిన తండ్రి ఇంట్లో పిల్లలు కడుపునిండా తిన్న అన్నం అబద్ధమైపోదు.

కానీ ఒక ప్రశ్న మాత్రం మనల్ని వదలదు. దేవుని సేవకుణ్ణి మనం జనసంఖ్యతో కొలుస్తున్నామా? కూటాలకు వేలమంది వచ్చినంతకాలం భుజాలకెత్తుకొని, ఆయన అలసి మంచంపడితే మరచిపోతున్నామా? ఇవాన్ కూలిన రోజున ఆయన్ను ఆదుకున్నది జనసమూహం కాదు, తలుపు తెరిచిన ఒక ఇల్లు. అలాంటి తలుపు మన ఇంటికీ ఉంది. అలసిన సేవకుడు మన సంఘంలోనూ ఉండవచ్చు. ఈ ఆదివారం ఆరాధన ముగిశాక మీ పాస్టరు గారిని ప్రసంగం గురించి కాదు, ఆయన ఆరోగ్యం గురించి అడగండి. మేమూ అలాగే చేస్తాం.